వాన గేటు

తమ్ముడికి,

ఆ అమ్మాయి కుడిచేతి నాలుగు వేళ్లు విరిగాయంటే అందులో నీ పాలు ఉంది. తలుపు వేసింది నువ్వు కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ తలుపు దాకా ఆమెను పూలు పరిచి నడిపించింది నువ్వు. ఆమె సొంత చేత్తో రాసిన మాటను బీరువాలో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని, కొత్త ఊళ్లో కొత్త ఆఫీసుకు రంగులు వేయించుకుంటున్నదీ నువ్వే.

ఇక్కడ మేము క్షేమం. అక్కడ నువ్వు, మరదలు, పిల్లలు క్షేమమని తలుస్తాను. ఈ వాక్యం లేని ఉత్తరాన్ని నాన్న చదవకుండా పక్కన పడేసేవారు కనుక, ఒక పేరా ఆలస్యంగానైనా రాశాను. ఇంట్లో తగాదా వస్తే నోటితో పడకూడదు, కాగితం మీద పెట్టాలి అన్నది కూడా ఆయన పద్ధతే. పక్కపక్క గదుల్లో కూర్చుని సైకిల్ ఎవరిదని మనిద్దరం రాసుకున్న ఉత్తరాలు అమ్మ ఇప్పటికీ దాచింది. ఫోనులో నీతో తగాదా పడటం నావల్ల కాదు. "నువ్వు చెప్పింది నిజమే అక్కా, నువ్వెప్పుడైనా తప్పు చెప్పావా అక్కా" అంటూ నాలుగు నిమిషాల్లో నన్ను చల్లబరుస్తావు. తర్వాత నువ్వు చేయదలచుకున్నదే చేస్తావు. పెళ్లికూతుళ్ల తల్లుల కోసం సాధన చేసిన గొంతు అది. నా మీద వాడకు.

నీ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలు అడిగావు. మూడింటికి ఇప్పుడే జవాబు రాస్తాను. ఒకటి మాత్రం చివరికి ఉంచుతున్నాను. అది నాకు కష్టమైన ప్రశ్న.

అమ్మ కన్ను గురించి అడిగావు. ఆపరేషన్ బాగానే జరిగింది. కట్టు విప్పగానే ఏమంటుందోనని డాక్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ నేలకేసి చూసి, "ఇక్కడ తడిగుడ్డ పెట్టేవాళ్లు లేరా" అంది. చుక్కల మందు రోజుకు నాలుగుసార్లు నేనే వేస్తున్నాను. నీ కొత్త ఆఫీసు ఫొటోలు చూపించాను. "వాడు బక్కచిక్కాడు" అంది. ఆ ఫొటోల్లో నువ్వు లేవు, నీ మేనేజరున్నాడు. చూపు ఇంకా కుదురుకోవాలి.

రెండోది, అరవయ్యో పెళ్లిరోజు చేసుకుంటున్న ఆ ముసలి దంపతుల కథ. రాయలేదు. వెళ్లి కూర్చుని మాట్లాడాను. మీ అరవై ఏళ్లలో ఏ ఏడాది బాగుందని అడిగితే, ఆవిడ కొంచెం కూడా తడుముకోలేదు. "ఈయనకి గొంతు ఆపరేషనై మాట పడిపోయిన ఏడాదమ్మా. ఇల్లెంత ప్రశాంతంగా ఉండేదో." ఆయన పక్కనే ఉన్నాడు, భుజాలు ఎగిరేలా నవ్వాడు. ఇదివరకైతే దీన్ని "మాటలు లేని వేళ మనసులు మాట్లాడుకున్నాయి" అని రాసిచ్చేదాన్ని. ఈసారి ఆవిడ అన్నది అన్నట్టే పెడతాను. ఇష్టమైతే వేసుకో, లేకపోతే ఇంకొకరి చేత రాయించుకో.

నాలుగోది, ఆరు నెలలు దాటిన ఫైళ్లన్నీ ముక్కలు చేయడానికి పంపానా అని. పంపలేదు. తాళంచెవి నీ దగ్గరుంది కదా, ఎలా తీయిస్తావులే అనుకున్నాను. నీ మేనేజరు వెంట, బీరువాతో సహా ఎత్తుకుపోయే మనుషులను పంపావు. నేను దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"లేవండి మేడమ్, సార్ చెప్పారు" అన్నాడు మేనేజరు.

"మీ సార్‌కి చిన్నప్పుడు ముక్కు తుడిచింది నేను. అది కూడా చెప్పాడా?"

"మేడమ్, నన్ను మధ్యలో ఇరికించకండి."

"నువ్వు మధ్యలో లేవు నాయనా, ఆ పక్కనున్నావు. కావాలంటే కుర్చీ తెచ్చుకుని ఈ పక్కకు రా."

వాళ్లు పోయారు. అయిదు రోజులుగా ఆఫీసు తెరిచినప్పటినుంచి మూసేదాకా అక్కడే కూర్చుంటున్నాను. మన పెళ్లి వేదికలు కట్టే వడ్రంగి మేస్త్రి తన అన్నం డబ్బా తెచ్చుకుని మధ్యాహ్నం నా పక్కనే కూర్చుంటున్నాడు. ఏమీ మాట్లాడడు. నేను మంచినీళ్లకు లేచినప్పుడు నా కుర్చీలోకి మారతాడు.

ఇప్పుడు అసలు సంగతి. నీకు తెలిసినవే కొన్ని రాస్తాను, విసుక్కోకు. గురువారం ఇవన్నీ జడ్జిగారికి చెప్పాలి, ఇక్కడ సాధన చేస్తున్నాననుకో.

పెళ్లి చేయించమని మన దగ్గరికొచ్చే ప్రతి జంటకూ నూట ఇరవై ప్రశ్నలున్న పచ్చ పుస్తకాలు రెండు ఇస్తాం. ఇద్దరూ విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా, సొంత చేతిరాతతో నింపాలి. ఎవరి పెళ్లి వాళ్ల కథలా ఉండాలన్నది నీ బోర్డు మీది మాట. బస్టాపులో కలిసినవాళ్లకు వేదిక మీద బస్టాపు కడతావు. గ్రంథాలయంలో కలిసినవాళ్లకు అలమారలు, పుస్తకాలు, దుమ్ముతో సహా తెప్పిస్తావు. నీ తెలివిని నేను తక్కువ చేయడం లేదు. ఒకే పందిరి, ఒకే పాట, ఒకే ఫొటో అన్న రోజుల్లో నువ్వు జనానికి వాళ్ల పెళ్లిని వాళ్లకిచ్చావని నేనే నీ మొదటి కరపత్రంలో రాశాను.

ఆ జవాబులు చదివి కథ అల్లేది నేను. దానికి ఆఫీసులో పాకం పట్టడం అని పేరు. ఏ జవాబూ పచ్చిగా వేదిక ఎక్కకూడదని నువ్వు పెట్టిన నియమం. నన్ను వెనకాల పాకం అక్క అంటారు. ముందరే అనొచ్చు, అబద్ధమేమీ కాదు.

కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే అమ్మాయి గుర్తుందిగా. పచ్చ పుస్తకంలో ముప్పై ఏడో ప్రశ్న: ఇతనితోనే జీవితం అని ఎప్పుడు నిర్ణయించుకున్నారు? ఆమె రాసిన జవాబు నాకు కంఠతా వచ్చు.

"వానలో మూడు గంటలు మా హాస్టల్ గేటు దగ్గర నిలబడ్డాడు. నేను కిందికి దిగితేగాని పోనన్నాడు. కిటికీలు మూసుకుని కూర్చున్నాం. అందరూ నీవల్లే ఇదంతా అన్నారు. దిగాను. అప్పుడు."

నేను రాసిచ్చింది నీకు కంఠతా వచ్చు. కేటలాగులో వేసుకున్నావు కాబట్టి.

"మూడు గంటల వాన. గొడుగు లేని ఒక మనిషి. మూసిన కిటికీ వెనక దడదడలాడే ఒక గుండె. ఆఖరికి ఆమె మెట్లు దిగింది, తన జీవితంలోకి."

దాన్ని ఆ అమ్మాయి చేతే చదివించి రికార్డు చేశాం. గేటు కట్టించాం. పైన గొట్టాలు పెట్టి వాన కురిపించాం. పెళ్లికొడుకు గేటు అవతల తడుస్తూ నిలబడ్డాడు. ఆమె మెట్లు దిగుతూ మధ్యలో ఆగిపోయింది. పదకొండు సెకన్లు. జనం ఏడుస్తుందనుకుని చప్పట్లు కొట్టారు. ఎడిటర్ ఆ పదకొండునీ నెమ్మదిగా నడిపించి ఇరవై రెండు చేశాడు.

పెళ్లయిన నాలుగో నెలలో ఆమె గుమ్మం దాటి పోబోతుంటే అతను తలుపు వేశాడు. చెయ్యి మధ్యలో ఉంది. ఆమె పరిచయస్తురాలి గదిలో తలదాచుకుంది. ఇప్పుడతను రోజూ కళ్లద్దాల దుకాణానికి ఎదురుగా నిలబడుతున్నాడు. అరవడు, తిట్టడు. నిలబడతాడు, అంతే. తన దరిదాపులకు రాకుండా ఆపమని ఆమె కోర్టుకెళ్లింది.

పోయిన మంగళవారం వాయిదాకు నేనూ వెళ్లాను. నువ్వు వద్దన్నావు కాబట్టే వెళ్లాను. వెనక బెంచీ మీద కూర్చున్నాను. అతని లాయరు కంప్యూటరును జడ్జిగారి వైపు తిప్పి మనం తీసిన పెళ్లి చిత్రం వేశాడు. వాన, గేటు, నా వాక్యాలు, ఆ అమ్మాయి గొంతు. జడ్జిగారు ఆడమనిషే. చూస్తూ చూస్తూ ఆవిడ ముఖం మెత్తబడింది తమ్ముడూ. అది నా రాత చేసిన పని.

"ఇందులో ఇంత ఇష్టంగా మాట్లాడారు. ఇప్పుడు మొదటినుంచీ భయమే అంటున్నారు. నేను ఏది నమ్మాలమ్మా?"

"ముందు నేను రాసింది నమ్మండి మేడమ్. ఇది తర్వాత వాళ్లు రాసిచ్చింది."

"మీరు రాసింది ఎక్కడుంది?"

"వాళ్ల దగ్గర."

వచ్చే గురువారం దాకా గడువిచ్చారు. కాగితం వస్తే సరి, రాకపోతే చిత్రమే సాక్ష్యం. ఈ మధ్యలో ఆమె తరఫు లాయరమ్మ మనకు రెండుసార్లు రాసింది. "అలాంటి పుస్తకాలేవీ మేము దాచం" అని నువ్వు జవాబిచ్చావట. నేను ఆ పుస్తకాలున్న బీరువాకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాను.

నీ వాదనలు నాకు తెలుసు. నువ్వు నోరు తెరవకముందే చెప్పగలను. పెళ్లికొడుకు మీద సాక్ష్యం చెప్పిన సంస్థకు ఇంకే పెళ్లికొడుకు వస్తాడంటావు. ఆడపిల్లను మెట్లమీదినుంచి ఈడ్చి తెచ్చుకునే పెళ్లికొడుకులే నీకు దిక్కయితే, ఆ కొట్టు మూసెయ్. వచ్చినవాళ్ల రహస్యాలు బయటపెట్టకూడదంటావు. ఎవరి రహస్యం? రాసింది ఆమె, అడుగుతున్నదీ ఆమె. మనిషి మాటను ఆ మనిషికే ఇవ్వకుండా దాచడాన్ని నమ్మకం అంటారా, బందీ చేయడం అంటారా? పద్నాలుగుమంది పనివాళ్ల పొట్ట కొట్టొద్దంటావు. పాతికేళ్ల నా ఉద్యమాల బతుకులో ప్రతి యజమానీ నాకు చూపించిన కవచం అదే. పనివాళ్లు ఎప్పుడూ లాభం వచ్చినప్పుడు గుర్తుకురారు, నిజం చెప్పాల్సొచ్చినప్పుడే గుర్తుకొస్తారు. ఆ పద్నాలుగుమందినీ అడిగి చూడు. ఒకడు ఇప్పటికే నా కుర్చీ పక్కన అన్నం తింటున్నాడు.

ఇంకో సంగతి. ఆ గేటును నువ్వు విప్పించలేదు. "వాన గేటు" అని పేరు పెట్టి కేటలాగు మొదటి పేజీలో వేశావు. ఆ తర్వాత పదకొండు పెళ్లిళ్లలో నిలబెట్టావు. ఎవరి పెళ్లి వాళ్ల కథలా ఉండాలన్న మనిషివి, ఒకమ్మాయి భయాన్ని పదకొండుమందికి అద్దెకిచ్చావు. వాళ్లలో ఇద్దరు దాని కింద నిలబడి ముద్దు పెట్టుకున్న ఫొటో ఆఫీసు గోడకు ఉంది. దాని కిందే మేము అన్నం తింటున్నాం.

వాయిదా అయ్యాక వరండాలో ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది.

"మీరు చాలా బాగా రాశారు మేడమ్. పెళ్లయిన కొత్తలో నేను కూడా అదే నమ్మాను. ఆయన చెయ్యెత్తినప్పుడల్లా, వానలో అంతసేపు నిలబడ్డ మనిషి కదా, పోనీలే అనుకునేదాన్ని."

"చెయ్యి ఎలా ఉంది?" అన్నాను. 

"ఎముకలు అతుక్కున్నాయి. రెండు వేళ్లకి స్పర్శ రాలేదు. అద్దం అంచు గరుగ్గా ఉందా లేదా అని వేలితోనే చూస్తాం. ఇప్పుడు నాకు అన్నీ నున్నగానే ఉంటున్నాయి."

దుకాణంవాళ్లు ఆమెను బిల్లుల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ బల్ల వీధి వైపుంది. అతను అక్కణ్నుంచి సూటిగా కనిపిస్తాడు.

సరే. మూడో ప్రశ్న. "ఆ అమ్మాయి పెళ్లికి ముందు ఒక్కసారైనా వద్దని చెప్పిందా అక్కా? చెబితే మనం ఆపేవాళ్లం కాదా?" అని రాశావు. చదివి కాగితం మడిచి దిండు కింద పెట్టుకున్నాను. మూడు రోజులు తీయలేదు.

చెప్పింది. నాకు చెప్పింది.

పెళ్లికి మూడు రోజుల ముందు, రిహార్సల్‌లో. గొట్టాల్లో నీళ్లు వస్తున్నాయా లేదా అని చూస్తున్నాం. ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఈ గేటొద్దు మేడమ్. ఇంకేదైనా పెట్టండి. మేము సినిమాకెళ్లాం, అది పెట్టండి" అంది. "కథకు ప్రాణమే అదమ్మా, అది తీసేస్తే ఏం మిగులుతుంది" అన్నాను. చెయ్యి వదిలేసింది. నీకు చెప్పలేదు. చెప్పాల్సినంత విషయంగా నాకు కనిపించలేదని ఇంతకాలం నాకు నేనే చెప్పుకున్నాను.

అది కూడా పూర్తి నిజం కాదు. అంతకు వారం ముందే మేస్త్రి అసలు హాస్టల్‌కు వెళ్లి గేటు కొలతలు తీసుకొచ్చాడు. నా బల్ల ముందు నిలబడి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"గేటుకి లోపలివైపు మనిషెత్తున రేకు కొట్టి ఉందండీ. కొత్త రేకు. ఎందుకని అక్కడి కాపలా ఆవిణ్ని అడిగాను. ఎవడో రోజూ వచ్చి కమ్మీల్లోంచి లోపలికి చూస్తూ నిలబడుతున్నాడని కొట్టించారట. పోలికలు చెప్పింది. మన పెళ్లికొడుకే అనిపిస్తోందండీ. మనం కట్టేదానికి కూడా రేకు పెట్టమంటారా?"

"వద్దు. రేకు పెడితే వెనక దీపాలు కనిపించవు."

"నేనడిగేది దీపాల గురించి కాదండీ."

"తెలుసు మేస్త్రీ."

తెలుసు అన్నాను తమ్ముడూ. ఆ ఒక్క మాటకు మించి ఇంకేం కావాలి నన్ను బోనెక్కించడానికి?

ఎందుకు చేశానో కూడా రాస్తాను, సమర్థనగా తీసుకోకు. ఆ పెళ్లి నాకు నచ్చింది. పెద్దలు కుదర్చలేదు, ఎవరి పెత్తనమూ లేదు, ఎవరి ప్రమాణం వాళ్లే రాసుకున్నారు. పాతికేళ్లుగా ఇలాంటి పెళ్లి కావాలని వీధుల్లో కరపత్రాలు పంచినదాన్ని. నా కళ్లముందు జరుగుతుంటే దాన్ని చెడగొట్టబుద్ధి కాలేదు. బలవంతం తండ్రి గొంతుతో వస్తే ఆమడ దూరం నుంచి పసిగట్టేదాన్ని. ప్రేమికుడై వానలో తడుస్తూ వస్తే దానికి నేనే విశేషణాలు కట్టాను. మూసిన కిటికీలను దడదడలాడే గుండె చేశాను. "నీవల్లే ఇదంతా అన్నారు" అన్న వాక్యాన్ని మొత్తానికే కొట్టేశాను, లయ దెబ్బతింటోందని. నా కరపత్రాల్లో ఎవరిని తిట్టానో, ఆ పనే నేను అందమైన అక్షరాలతో చేశాను.

అందుకని ఈ ఉత్తరం మొదట్లో నీ మీద వేసిన నేరాన్ని వెనక్కి తీసుకుంటున్నానని అనుకోకు. నీ పాలు నీదే. నాది అంతకంటే పెద్దదని చెబుతున్నాను, అంతే. నువ్వు దాచుతున్నది నన్ను కాపాడటానికి కూడా అని మరదలు అమ్మతో అందట. "అక్క పేరు బయటికొస్తే పాతికేళ్ల పరువు పోతుంది" అన్నావట. నీ ప్రేమ నాకు అర్థమవుతుంది. దాన్ని కూడా ఇకనుంచి పక్కన పెట్టు. ఒకరి పరువు కోసం ఇంకొకరు రోజూ వీధికెదురుగా కూర్చుని ఆ ముఖం చూడాలంటే, ఆ పరువు నాకొద్దు.

నిన్న బీరువా దగ్గర మేస్త్రి మొదటిసారి నోరు విప్పాడు. "గురువారం నన్నూ రమ్మంటారా అండీ? రేకు సంగతి చెప్పడానికి." రమ్మన్నాను. "మరి మీ మాట కూడా చెప్పాల్సొస్తుందండీ, మీరు వద్దన్నారని." చెప్పమన్నాను. అన్నం డబ్బా మూత పెట్టి, "సరేనండీ" అన్నాడు. ఆ మాటతో నాకు ఎంత తేలికైందో నీకు చెప్పలేను. తర్వాత ఎంత భయమేసిందో అది కూడా చెప్పలేను.

బీరువా పగలగొట్టొచ్చు. మేస్త్రికి పది నిమిషాల పని. కానీ దొంగతనంగా తీసిన కాగితం విలువ తగ్గిపోతుందని లాయరమ్మ చెప్పింది. అది నీ రికార్డుల్లోంచే వచ్చిందని నువ్వే ఒప్పుకుని ఇవ్వాలి. అందుకే అడుగుతున్నాను. బతిమాలడం నాకు చేతకాదు, నీకు తెలుసు. కాబట్టి డిమాండ్లుగానే చదువుకో.

ఒకటి. బీరువా తాళంచెవిని ఈ ఉత్తరం తెచ్చిన మనిషి చేతికే ఇచ్చి పంపు. పోస్టులో వద్దు.

రెండు. ఆ అమ్మాయి పచ్చ పుస్తకం మన ఆఫీసుదేనని, అందులోది ఆమె చేతిరాతేనని ప్రమాణపత్రం మీద సంతకం చేసి పంపు. బుధవారం సాయంత్రంలోగా లాయరమ్మకు చేరాలి.

మూడు. కథ అల్లే ముందు ఆమెతో నేను మాట్లాడినప్పుడు చేసిన మొదటి రికార్డింగు నీ కంప్యూటర్లో ఉంది. దాన్ని కత్తిరించకుండా, శుభ్రం చేయకుండా, దగ్గులతో సహా ఇవ్వు.

నాలుగు. కేటలాగు మొదటి పేజీ తీసెయ్. పెళ్లి చిత్రాన్ని అన్నిచోట్లా తీసెయ్.

అయిదు. వాన గేటు ఇక ఏ పెళ్లికీ నిలబడకూడదు. విప్పడానికి మేస్త్రి సిద్ధంగా ఉన్నాడు. నువ్వు ఊఁ అంటే చాలు.

ఆరు. ముప్పై ఏడో ప్రశ్న కింద, "మీరు వద్దనుకున్న రోజు ఏదైనా ఉందా?" అని ఇంకో ప్రశ్న చేర్చు. ఆ జవాబుకు ఎవరూ పాకం పట్టకూడదు.

ఏడు. ప్రమాణపత్రంలో "సంస్థ సిబ్బంది మార్చారు" అని రాయకు. మార్చింది మా అక్క అని రాయి. పేరు పూర్తిగా రాయి.

ఇట్లు,
నీ అక్క